ముగిసిన పట్టికలో చేరిన పేరు: చారిత్రకాపరాధ పరిశోధన కథలు



ఏ పల్లె గ్రంథాలయమునకు పోయి చూచినను ఒక విశేషము కానవచ్చును. చరిత్ర గ్రంథముల అట్టలు చెక్కుచెదరక క్రొత్తవిగనే యుండును. అపరాధ పరిశోధన నవలల అట్టలు మాత్రము ఊడిపోయి, మొదటి పుటలును కడపటి పుటలును చినిగి, దారముతో కట్టబడి యుండును. కడపటి పుట లేని అపరాధ పరిశోధన నవల యెంతటి దుఃఖము కలిగించునో చదువరులకు వేఱుగ చెప్పవలసిన పనిలేదు. పెద్దలు ఈ స్థితిని చూచి యువకుల అభిరుచి చెడినదని విచారింతురు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, ఆతని సహాయకుడు రాజును ఎఱిగినవారు కాకతి గణపతిదేవుని యెఱుగరని వారి ఆరోపణ. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని ఈ రెండు బీరువాలలోని గ్రంథములును ఒకచోట కలియు రచనాశాఖ యొకటి కలదు. దానికి చారిత్రకాపరాధ పరిశోధన కథ యని పేరు.

గడచిన కాలమున జరిగిన యొక హత్యనుగాని మోసమునుగాని కథావస్తువుగ గైకొని, ఆ కాలపు మనుష్యులచేతనే, ఆ కాలమున లభ్యమైన సాధనములతోనే, దాని గుట్టు విప్పించుట ఈ శాఖకు లక్షణము. ఇందలి పరిశోధకునికి వ్రేలిముద్రల శాస్త్రము లేదు, రక్తపరీక్ష లేదు, టెలిఫోను లేదు. అతనికున్నవి కన్నులు, చెవులు, తర్కము, వ్రాతలో నిలిచిన ఆధారములు మాత్రమే. ఇట్టి కథలకు ప్రాచీన రోమునగరము మిక్కిలి అనువైన రంగస్థలమని పాశ్చాత్య రచయితలు పలువురు గ్రహించిరి. 1989లో లిండ్సీ డేవిస్ అను రచయిత్రి వెస్పాసియను చక్రవర్తి కాలమునాటి ఫాల్కో యను పరిశోధకుని సృజించెను. 1990లో జాన్ మాడక్స్ రాబర్ట్స్ డెసియస్ అను కులీన యువకుని నాయకునిగ జేసి వేఱొక నవలామాలను ప్రారంభించెను. 1991లో స్టీవెన్ సేలర్ ‘రోమన్ బ్లడ్’ అను నవలలో గోర్డియానస్ అను పరిశోధకుని ప్రవేశపెట్టెను.

రోమునగరమే యేల? క్రీస్తునకు పూర్వము కడపటి శతాబ్దమున రోము ప్రజాప్రభుత్వము అంతఃకలహములచే శిథిలమగుచుండెను. నగరమున హత్యలను విచారించు పోలీసుశాఖ లేదు. ప్రభుత్వ పక్షమున వాదించు ఉద్యోగియు లేడు. నేరమును ఏ పౌరుడైనను మఱియొకనిపై మోపవచ్చును; ఆధారములను వాదిప్రతివాదులే వెదకికొనవలెను. సేనాపతులు తమలో తాము పోరాడుచుండగా, ఒకని ప్రాణమునకు విలువ ఆతని యాస్తిని బట్టియు, ఆతని మిత్రులను బట్టియు నిర్ణయింపబడుచుండెను. అట్టిచోట సత్యమును వెదకుట సాహసకార్యము. సేలర్ నవలకు మూలమైన వ్యాజ్యము కల్పితము కాదు, క్రీ.పూ. 80లో నిజముగ జరిగినది. దానిని కొంచెము వివరముగ తెలిసికొనుట యుక్తము.

క్రీ.పూ. 82లో సుల్లా యను సేనాపతి అంతర్యుద్ధమున గెలిచి రోమునకు నియంత యయ్యెను. ఆతడు తన శత్రువుల పేర్లు వ్రాయించి నగర మధ్యమున పట్టికలుగ కట్టించెను. పట్టికలో పేరున్నవానిని ఎవరైనను చంపవచ్చును. చంపినవారికి బహుమానము, దాచినవారికి శిక్ష. చచ్చినవాని ఆస్తి ప్రభుత్వపరమై వేలమునకు వచ్చును; వాని కొడుకులు పదవులకు అనర్హులగుదురు. ఈ ఘోరమునకు ఒక గడువు మాత్రము పెట్టబడినది. క్రీ.పూ. 81వ సంవత్సరము జూను 1వ తేదీతో పట్టిక ముగియవలెను.

గడువు ముగిసిన కొన్ని నెలలకు, అమేరియా యను చిన్న పట్టణమునకు చెందిన సెక్స్‌టస్ రోస్కియస్ అను ధనికుడు రోమునగరమున రాత్రి విందునుండి మరలుచు వీథిలో హత్య చేయబడెను. ఆతనికి 13 భూములు కలవు. ఆతడు సుల్లా పక్షమువాడే. అయినను ఆతని పేరు పట్టికలో చేరినది. ఆస్తి వేలము వేయబడినది. దాని విలువ 60 లక్షల సెస్టర్సులు. కొన్నవాడు చెల్లించినది 2,000. అనగా మూడువేల రూపాయల సొత్తు ఒక్క రూపాయికి పోయినట్లు. కొన్నవాడు సుల్లాకు ఆంతరంగికుడైన క్రిసోగోనస్. ఆ భూములలో మూడింటిని పొందినవాడు మృతుని బంధువును పాతశత్రువునునైన కాపిటో. అమేరియా పట్టణపు పెద్దలు పదుగురు ఈ అన్యాయమును సుల్లాకు విన్నవింప ఆతని శిబిరమునకు పోయిరి. ఆ పదుగురిలో కాపిటోయు ఒకడు! ఆతడే వారిని మభ్యపెట్టి, సుల్లా ముఖమైన చూడనీయక మరలించెను. పిమ్మట మృతుని కొడుకే తండ్రిని చంపించెనని నేరము మోపబడినది. పితృహత్యకు రోములో శిక్ష, దోషిని తోలుసంచిలో కుట్టి నీటిలో పడవేయుట.

ఆ కొడుకు పక్షమున వాదించుటకు పేరుమోసిన న్యాయవాదులెవ్వరును సాహసింపలేదు. 26 ఏండ్ల సిసెరో ముందునకు వచ్చెను. అతని వాదమును చదివినవారికి అది వక్తృత్వమువలె గాక లెక్కల తనిఖీవలె తోచును. మొదటి ప్రశ్న: ఈ చావువలన ఎవరికి లాభము? కొడుకు ఉన్న భూములనెల్ల పోగొట్టుకొనెను. కాపిటోకు మూడు భూములు వచ్చినవి. రెండవ ప్రశ్న: వార్త ఎవరికి ముందు చేరినది? హత్య జరిగిన రాత్రియే ఒక దూత తేలికబండ్లపై 56 రోమనుమైళ్లు పది గంటలలో పరుగెత్తి అమేరియా చేరెను. అది ఇంచుమించు 83 కిలోమీటర్లు. కోదాడనుండి సూర్యాపేటకు పోయి మరలివచ్చునంత దూరము. అంత త్వరపడి వచ్చిన దూత పోయినది చచ్చినవాని కొడుకు ఇంటికి గాదు, శత్రువైన కాపిటో ఇంటికి. మూడవ ప్రశ్న: తేదీ యేది? పట్టిక జూను 1న ముగిసినది. ఈతడు చచ్చినది అటుపిమ్మట. అట్లయిన ఈ ఆస్తి ప్రభుత్వపు లెక్కలలో అసలు చేరనే లేదు. చేరియున్నయెడల ఆ లెక్కలనే ఎవరో చెఱచిరి. సిసెరో ఈ రెండుదారులును చూపి న్యాయాధిపతులను ఆలోచించుకొనుమనెను. కొడుకు విడుదల యయ్యెను.

ఇందు ముఖ్యముగ గమనింపవలసినది, హత్యకు వాడిన ఆయుధము రెండుసార్లు ప్రయోగింపబడినది. మొదట కత్తి, పిదప కలము. కత్తి యొక ప్రాణమును తీసినది. కలము ఆ హత్యను చట్టసమ్మతము చేసి, ఆస్తిని కాజేసి, కొడుకును సంచిలోనికి నెట్టబోయినది. అరాజకమున జరుగు నేరములలో ఈ రెండవ ఆయుధమే భయంకరమైనది. దానిని పట్టుకొనుటకును వ్రాతయే సాధనము. మఱియొక సంగతి. సిసెరో ఉపన్యాసము మాత్రమే నిలిచినది. ప్రతిపక్షపు వాదము నశించినది. ఒక పక్షపు మాట విని తీర్పు చెప్పుట న్యాయము కాదు గదా! ఈ ఖాళీ జాగాలోనే సేలర్ తన నవలను నాటెను. సిసెరో చెప్పనిదేమి, ఆతనికి తెలియనిదేమి యను ప్రశ్నలతో గోర్డియానస్ రోము వీథులలో తిరుగును. చరిత్ర చెప్పినదానిని కాదనక, చెప్పనిచోట మాత్రమే కల్పన చేయుట ఈ రచనకు ధర్మము.

రోము కథకును మన సీమకును ఏమి సంబంధమని ఎవరైన నడుగవచ్చును. సంబంధము మన నేలలోనే దొరకినది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లిలో 1,500కు మించిన రోమను వెండినాణెములు నిక్షేపముగ బయల్పడినవి. అవి ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తులవి. శాతవాహనుల కాలమున సముద్రవర్తకము మూలమున ఈ నాణెములు దక్షిణాపథమునకు విరివిగ వచ్చినవి. దక్షిణదేశమున లభించిన ఆగస్టసు వెండినాణెములలో మిక్కిలి తఱచుగ కనబడునది ఒక విధమైన ముద్ర కలది. దానిపై ఇద్దరు యువకులు డాళ్లు, ఈటెలు ప్రక్కన నుంచుకొని నిలిచియుందురు. వారు ఆగస్టసు దౌహిత్రులు, ఆతడు దత్తత చేసికొన్న వారసులు, గాయసును లూషియసును.

ఈ నాణెము సామాన్యమైనది కాదు. ఒక రహస్య కథకు సాక్షి. లూషియసు క్రీ.శ. 2లో మార్సెయ్ నగరమున మరణించెను. గాయసు ఆర్మీనియాలో గాయపడి క్రీ.శ. 4లో మరలివచ్చుచు త్రోవలో చనిపోయెను. వారసులిద్దరును పోగా సింహాసనము ఆగస్టసు భార్యయైన లివియాకు మొదటి భర్తవలన కలిగిన టైబీరియసునకు దక్కినది. సవతితల్లి కుట్రవలన వీరు చనిపోయిరేమో యని టాసిటస్ అను చరిత్రకారుడు సందేహము వెలిబుచ్చెను. 1934లో రాబర్ట్ గ్రేవ్స్ ‘ఐ, క్లాడియస్’ నవలలో ఆ సందేహమును పెంచి లివియాను విషప్రయోగములలో ఆరితేరినదానినిగ చిత్రించెను. నవల రక్తి కట్టినది. కాని సిసెరో అడిగిన మూడు ప్రశ్నలను ఇచట అడిగి చూడవలెను. లాభము ఎవరికి? లివియా కుమారునికి, నిజమే. తక్కిన ఆధారములేవి? ఒకడు మార్సెయ్‌లో, మఱియొకడు ఆసియాలో, లివియా ఇటలీలో. ఆమె పంపిన దూత యెవరు? వ్రాత యేది? ఏదియు లేదు. లాభము పొందినవారెల్ల హంతకులే యనినచో, తండ్రిపోయి పొలము పొందిన ప్రతి కొడుకును దోషియే యగును. రోస్కియసు వ్యాజ్యమున లాభము, తేదీ, వెల, వార్త పోయిన దారి అన్నియు ఒకేవైపు చూపినవి. లివియా విషయమున ఒక్క అనుమానమే మిగిలినది. అనుమానమునకును నిరూపణమునకును గల ఈ భేదము నేర్పుటయే మంచి అపరాధ పరిశోధన కథ చేయు మేలు.

మన సాహిత్యమున ఈ విద్య లేదనుట పొరపాటు. విశాఖదత్తుని ముద్రారాక్షసము దీనికి తగిన నిదర్శనము. నందవంశము కూలి చంద్రగుప్తుడు క్రొత్తగా గద్దెనెక్కిన అశాంతి కాలము అందలి వస్తువు. చాణక్యుని చారుడు నిపుణకుడు యమపటము చేతబట్టి ఇల్లిల్లును తిరుగుచు, చందనదాసు ఇంట అమాత్య రాక్షసుని ఉంగరమును సంపాదించును. ఆ ఇంట రాక్షసుని కుటుంబము దాగియున్నదని ఆ ఒక్క వస్తువుతో తెలిసిపోవును. ఇంతవఱకు అపరాధ పరిశోధనమే. కాని చాణక్యుడు అంతటితో నిలువడు. ఎవరికని పేరులేని లేఖను శకటదాసుచే వ్రాయించి, ఆ ఉంగరముతోనే ముద్రవేయించి, ఆ లేఖతో రాక్షసుని మిత్రులనుండి వేఱుచేయును. ఆధారమును కనుగొన్న చేయియే దొంగయాధారమును సృష్టించినది! వ్రాతలో నున్నదెల్ల సత్యము కాదనియు, ముద్ర నిజమైనను మాట అబద్ధము కావచ్చుననియు విశాఖదత్తుడు హెచ్చరించెను. కావున పరిశోధకుడు వ్రాతను చదువుటతో తృప్తిపడరాదు. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, వ్రాసినందున ఎవరికేమి వచ్చినదని విచారింపవలెను.

ఇక మన ప్రాంతమునకే చెందిన కథ. కాకతి రుద్రమదేవి స్త్రీ యగుటవలన కొందఱు సామంతులు ఆమె ఏలుబడిని సహింపలేదు. ఆ తిరుగుబాట్ల కాలమును అడివి బాపిరాజుగారు ‘గోన గన్నారెడ్డి’ నవలకు రంగముగ చేసికొనిరి. లోకము కన్నులకు దొంగగ కనబడుచు, రహస్యముగ రుద్రాంబ పక్షమున నిలిచి, కుట్రలను ఛేదించు వీరుడు అందలి నాయకుడు. 1940 దశకమున, బాపిరాజుగారు హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకులుగ నున్న రోజుల ప్రాంతమున, తెలుగువారు ఆ నవలను అత్యాదరముతో చదివిరి. అందు గూఢచారులు, మాఱువేషములు, కుట్రలు కలవు. రోము నవలలకు కావలసిన సామగ్రి యంతయు కలదు. కాని రుద్రమదేవి కథలో నవలాకారుల కల్పనకు మించిన పరిశోధన శాసనములలో జరిగినది. ఆ మహారాజ్ఞి ఎప్పుడు మరణించెను, ఎట్లు మరణించెను అను ప్రశ్నయే ఆ పరిశోధన.

చిరకాలము చరిత్రకారులు ఆమె 1295 ప్రాంతము వఱకు ఏలినదని తలంచిరి. వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును వర్ణించుచు, భర్త మరణానంతరము నలువది యేండ్లుగ ఒక రాణి ధర్మముగ ఏలుచున్నదని వ్రాసెను. ఆ సాక్ష్యము ఈ తలంపునకు బలమిచ్చినది. కాని ఆ సాక్షి విన్నమాట చెప్పిన విదేశీయుడు. రుద్రమదేవికి రాజ్యము వచ్చినది భర్తవలన గాదు, తండ్రియైన గణపతిదేవునివలన. మొదటిమాటలోనే తప్పిన సాక్షి రెండవమాటను ఎంతవఱకు నమ్మవచ్చును?

ఇట్లుండగా నకిరేకల్లు సమీపమున చందుపట్ల గ్రామములోని శాసనము వెలుగులోనికి వచ్చినది. కోదాడనుండి హైదరాబాదు త్రోవలో పోవువారు సూర్యాపేట దాటిన పిమ్మట ఆ ప్రాంతమును దాటియే పోవుదురు. శాసనము శకవర్షము 1211, విరోధి సంవత్సరమునాటిది. క్రీస్తుశకమున 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి యను నతడు సోమనాథదేవునికి భూమిని దానము చేసెను. కాకతి రుద్రమదేవియు, మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగగా, వారికి పుణ్యముగ ఈ దానము చేసితినని అందు వ్రాయించెను. మల్లికార్జున నాయకుడు సేనాని. ముమ్మడి ఆతని సేవకుడు. అనగా 1289 చివరకే రాణియు సేనానియు గతించిరి. మార్కోపోలో మాటపై కట్టిన కాలనిర్ణయము ఒక్క భూదానపు వ్రాతతో కూలిపోయినది.

ఈ వ్రాతను నమ్మవలెనా? మరల అవే ప్రశ్నలు. ఎవరు వ్రాసిరి? రాజు గాదు, ఆస్థానకవి గాదు, ఒక సేవకుడు. తేదీ యేది? స్పష్టముగ చెక్కబడినది. లాభమెవరికి? దాతకు పోయినది భూమి. వచ్చినది పుణ్యము మాత్రమే. ఏలినవారి చావును ముందునకో వెనుకకో జరిపి వ్రాసినందున ఆతనికి ఒరుగునది లేదు. అబద్ధమాడుటకు కారణము లేనివాని సాక్ష్యము బలవత్తరమైనది.

ఎట్లు మరణించెనను ప్రశ్న మిగిలినది. రాణియు సేనానియు ఒకేసారి స్మరింపబడుటవలన వారు యుద్ధమున పడియుందురని ఊహ. అప్పటికి తిరుగుబాటు చేసి స్వతంత్రుడైనవాడు కాయస్థ అంబదేవుడు. 1290నాటి త్రిపురాంతక శాసనమున ఆతడు తన విజయములను పెక్కింటిని చాటుకొనెను. ఆ మరుసటి సంవత్సరమే ప్రతాపరుద్రుని సేనలు ఆతనిపై నడచినవి. ఈ ఆధారములను ఒకచో చేర్చి, అంబదేవునితోడి పోరులోనే రుద్రమదేవి నేలకొరిగియుండునని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు మొదలగు విద్వాంసులు నిర్ణయించిరి. ఇది తగిన ఊహ. కాని చందుపట్ల శాసనము మరణమును మాత్రమే చెప్పినది, హంతకుని పేరు చెప్పలేదు. ఒకచో నమ్మిన సేవకుని భూదానము. ఒకచో శత్రువు చేసికొన్న ఆత్మస్తుతి. నడుమ ఎవరును వ్రాయని యొక దినము. రోస్కియసు వ్యాజ్యమున సేలరుకు దొరకిన ఖాళీజాగావంటిదే ఇదియు. తెలుగున చారిత్రకాపరాధ పరిశోధన నవల వ్రాయదలచిన యువకునికి ఇంతకంటె గొప్ప వస్తువు వెదకినను దొరకదు. కథానాయకుని కొఱకు యోధుని వెదకనక్కఱలేదు. దానపత్రము వ్రాసి, శిల్పిచే చెక్కించి, పొలము ఎల్లలు నిర్ణయించిన ఊరికరణము చాలును. మరణవార్త ఏ త్రోవను వచ్చినది, ఎవరు ముందు తెచ్చిరి, ఎవరు దాచిరి అని ఆతడు విచారించుచు పోవును.

అట్లు వ్రాయువారు రెండు నియమములు పాటింపవలెను. మొదటిది కాలౌచిత్యము. కాకతీయుల వంటయింట మిరపకాయ కనబడరాదు. అది పోర్చుగీసువారు 1498లో ఈ దేశమునకు వచ్చిన పిదపనే మనకు దక్కినది. కారమునకు మిరియములే గతి. రెండవది మృతులపట్ల న్యాయము. పేరున్న చారిత్రక వ్యక్తిని ఆధారము లేకుండ హంతకుని చేయరాదు. చచ్చినవారు వ్యాజ్యము వేయలేరు; వారి పక్షమున వాదించుటకు సిసెరో యెల్లప్పుడును దొరకడు. కల్పిత హంతకుడు కావలసినచో కల్పిత నామమే పెట్టవలెను.

ఈ ప్రసంగము ప్రాచీన కథలతో ముగియుట సులభము. కాని నల్లగొండ సీమలో పుట్టినవారికి కలముచే జరుగు నేరము పాతమాట కాదు. నిజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూ. సేత్వారులోగాని పహాణీలోగాని తన పొలము ఎవరిపేర వ్రాయబడినదో, చదువులేని తెలుగు రైతు తెలిసికొనజాలడు. దేశ్‌ముఖుల బలమును, పట్వారీ కలమును కలిసినచోట ఒక్క గీతతో తాతలనాటి భూమి చేయి మాఱినది. పట్వారీలలో ధర్మాత్ములు లేరని కాదు. రైతు పక్షమున నిలిచి కష్టములు పడినవారును కలరు. కాని ఆ వృత్తికి తగిలిన మచ్చను దాచిపెట్టుట సత్యము కాదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినది మొదలు 1951 వఱకు సాగిన సాయుధ పోరాటమునకు ఈ వ్రాతలు కూడ ఒక కారణము. ప్రజలు అప్పుపత్రములను, లెక్కల కట్టలను పెక్కుచోట్ల తగులబెట్టిరి. ఆ మంటలలో దొంగవ్రాతలు కాలినవి. వానితోపాటు నిజమైన వ్రాతలును కాలినవి. 1950నాటి కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారుల పేర్లు వ్రాయవలసినప్పుడు, 1954-55లో ఖాస్రా పహాణీ తయారైనప్పుడు, పట్టికలో చేరిన పేరును చేరని పేరును మరల బ్రదుకులను నిర్ణయించినవి. దాశరథి రంగాచార్యులుగారి ‘చిల్లర దేవుళ్లు’ చదివినవారికి ఆ గడీలోకము తెలియును. వంశపారంపర్యపు గ్రామాధికారుల పద్ధతి 1984లో రద్దయినది. కాని వ్రాసినవారు పోయినను వ్రాత పోలేదు; ఆ పహాణీలు న్యాయస్థానములలో సాక్ష్యమిచ్చుచునే యున్నవి.

ఒక కథ ఊహింపుడు. పోరాటకాలమున ఒక ఊరి కచేరీ తగులబడినది. లెక్కల కట్టలన్నియు బూడిదయైనవి. నిప్పు పెట్టినది ప్రజలేయని అందఱును నమ్మిరి. పదేండ్ల పిమ్మట ఒక కట్ట మాత్రము చెక్కుచెదరక ఒకరి భోషాణమునుండి బయటపడినది. మంటకు ముందుదినమే దానిని తీసినవారెవరు? మంటవలన లాభమెవరికి? కట్టలోని కడపటి పుటలో ఏ తేదీ కలదు? అందులో సిరా ఒక్కటేనా, రెండా? ఇది రోము కథవలెనే యుండును. కాని ఇందలి ప్రతి మాటయు మన ఊరి యాసలో వినబడును. ఇట్టి నవలలు తెలుగున ఇంకను విరివిగ రావలసియున్నవి.

పల్లెలో గ్రంథాలయము ఏల యను ప్రశ్నకు సమాధానము ఇందే కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారి ఆశయము, తెలుగువాడు తన భాషలో చదువుకొనవలెననుటయే. చదువనేర్చినవాడు కథను చదువును. కథను చదివినవాడు మెల్లగ తన పొలపు కాగితమును చదువును. అపరాధ పరిశోధన నవలను పట్టుకొని రాత్రి దీపమువద్ద కూర్చున్న బాలుని తిట్టకుడు. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఎవరికి లాభమని అడుగుట వాడు నేర్చుకొనుచున్నాడు. ఆ ప్రశ్నలు రేపు కచేరీలో వానికి అక్కఱకు వచ్చును.

గ్రంథాలయ నిర్వాహకులకు ఒక మనవి. పురావస్తుశాఖవారు నల్లగొండ జిల్లా శాసనములను సంపుటములుగ ప్రచురించినారు. ఆ సంపుటములను తెప్పించి అపరాధ పరిశోధన నవలల బీరువాలోనే ఉంచుడు. పిల్లలను ఏటేట ఒకమారు పిల్లలమఱ్ఱికిని, నాగులపాడునకును, చందుపట్లకును తోడ్కొనిపోయి, ఒక్కొక్క శాసనమువద్ద నిలిపి, ఆ మూడు ప్రశ్నలు అడిగింపుడు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి ఆ పిల్లలలో ఒకరు వ్రాసిన నవల ఈ బీరువాలో చేరుగాక. దాని కడపటి పుటను మాత్రము ఎవరును చింపకుందురుగాక.